సర్వరు లేవడానికి ఎక్కువసేపు పడుతోందా? సమయాన్ని విడదీసి కారణం పట్టుకునే పద్ధతి

కర్నూలులోని రక్తపరీక్షల ల్యాబుల్లో, నర్సింగ్ హోముల్లో, విత్తనాల దుకాణాల్లో, ఆదోని పత్తి వ్యాపారుల ఆఫీసుల్లో చాలా చోట్ల సర్వరు అంటే రిసెప్షన్ బల్ల కిందనో, సామాన్ల గదిలో ఓ మూలనో ఉండే టవర్ కంప్యూటరే. డేటా సెంటర్లోని యంత్రంలా అది నెలల తరబడి ఆగకుండా నడవదు. రాత్రి షట్టరు దించేటప్పుడు దాన్ని కూడా ఆపుతారు, లేదా తెల్లవారుజామున కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేశాక అదే ఆగిపోతుంది. కాబట్టి సర్వరు ఎంత త్వరగా లేస్తుందన్నది ఇక్కడ రోజూ పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న. పరగడుపున షుగరు పరీక్షకు వచ్చిన పెద్దవాళ్లు ఆరున్నరకే కుర్చీల్లో కూర్చుని ఉంటారు. బిల్లు పేజీ తెరుచుకోనిదే వాళ్ల రక్తం తీయడానికి వీలుండదు. "అన్నా, సర్వరు ఇంకా లేయలేదు, జనాలు అరుస్తాండారు" అని ఫోను వచ్చేది అప్పుడే.

ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపించే అమరికను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను: ఉబుంటు లేదా డెబియన్ వంటి లినక్స్, దాని మీద మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, ఆ పైన టామ్‌క్యాట్‌లో (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సాఫ్ట్‌వేరులో) నడిచే జావా అప్లికేషను. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఏది చెప్పినా దాని వెనుక నేను గట్టిగా నమ్మే విషయం ఒక్కటే ఉంది. ఆలస్యంగా లేచే సర్వరు చాలా సందర్భాల్లో పనిచేస్తూ ఆలస్యం కావడం లేదు, రానిదాని కోసం ఎదురుచూస్తూ ఆలస్యమవుతోంది. దేని కోసం ఎదురుచూస్తోందో తెలుసుకోకుండా ర్యామ్ పెంచినా, కొత్త యంత్రం కొన్నా ఆ నిరీక్షణ అలాగే ఉండిపోతుంది.

మొదట గడియారం, తర్వాతే కీబోర్డు

మీట నొక్కినప్పటి నుంచి బిల్లు పేజీ తెరుచుకునే దాకా పట్టే సమయాన్ని మొత్తంగా చెప్పడం వల్ల ఉపయోగం లేదు; దాన్ని నాలుగు ముక్కలుగా విడదీయాలి. మీట నొక్కినప్పటి నుంచి కంపెనీ గుర్తు కనిపించి మాయమయ్యే వరకు ఒకటి, అక్కడి నుంచి లినక్స్ సందేశాలు మొదలయ్యే వరకు రెండోది, లాగిన్ అడిగే వరకు మూడోది, బ్రౌజరులో పేజీ తెరుచుకునే వరకు నాలుగోది. ఫోనును తెర ముందు నిలబెట్టి వీడియో తీసుకోవడం అన్నిటికన్నా మేలైన పని, ఎందుకంటే తెర మీద గబగబా పైకి జరిగిపోయే వరుసల్లో ఏ వరుస దగ్గర ఆగిందో తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. ఉబుంటులో కంపెనీ బొమ్మ అడ్డొచ్చి సందేశాలు కనబడకపోతే ఎస్కేప్ మీట నొక్కితే అవి బయటపడతాయి.

ఈ కొలతలో కనబడే అంకెల స్వభావాన్ని గమనించండి. ప్రతిసారీ దాదాపు ఒకే అంకె వస్తూ, అది ఒకటిన్నర నిమిషం, రెండు నిమిషాలు వంటి గుండు అంకె అయితే, అక్కడ ఏదో కార్యక్రమం గడువు తీరే దాకా వేచి చూసి విరమించుకుంటోందని అర్థం. ఒకరోజు నలభై సెకన్లు, మరోరోజు ఆరు నిమిషాలుగా మారుతూ ఉంటే అక్కడ నిజంగానే పని జరుగుతోంది: డేటాబేసు తనను తాను సరిచేసుకోవడమో, అరిగిపోయిన డిస్కు ఒకే చోటును మళ్లీ మళ్లీ చదవడమో. ఈ తేడా తెలిస్తే వెతుకులాట సగం ముగిసినట్టే.

కొలిచేటప్పుడు ఒక నిషేధాన్ని మాత్రం కచ్చితంగా పాటించాలి. లేవడం ఆలస్యమైందని మీట నొక్కిపట్టి ఆపి, మళ్లీ వేయకూడదు. డేటాబేసు కోలుకునే పనిలో ఉన్నప్పుడు అలా చేస్తే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. ఈ మాటను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సర్వరుకు అతికించమని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే తెల్లవారి దాని ముందు నిలబడేది మనం కాదు, తాళం తీసిన మనిషి.

లినక్స్ మొదలవకముందే పోయే సమయం

అసలైన సర్వరు యంత్రాల్లో మెమరీ ఎక్కువగా ఉంటే, ఆ మెమరీని పరీక్షించి సిద్ధం చేసుకోవడానికీ, రెయిడ్ కార్డు (పలు డిస్కులను ఒకటిగా కలిపి నడిపే కార్డు) తన డిస్కులను లెక్కపెట్టుకోవడానికీ కొన్ని నిమిషాలు పట్టడం సహజం. దాన్ని లోపంగా చూడనవసరం లేదు. మామూలు టవర్ కంప్యూటరు ఈ దశలో నిమిషం దాటితే మాత్రం చూడాల్సినవి మూడున్నాయి. మొదటిది, బూట్ వరుసలో (ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే వరుసలో) నెట్‌వర్క్ నుంచి లేచే ఎంపిక ముందుందేమో చూడాలి. అలా ఉంటే యంత్రం తనకు ఎవరైనా నెట్‌వర్క్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ పంపుతారేమోనని వేచి ఉండి, ఎవరూ పలకకపోయాక డిస్కు వైపు తిరుగుతుంది. రెండోది, బ్యాకప్ కోసం గుచ్చి మరిచిపోయిన యూఎస్‌బీ డిస్కు.

మూడోది మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ. సీఆర్2032 అనే ఆ మూడు వోల్టుల బ్యాటరీ అయిపోతే, గోడ ప్లగ్గులో కరెంటు లేని ప్రతిసారీ యంత్రం తన తేదీని, అమరికలను మరిచిపోతుంది. బూట్ వరుస ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి జారుతుంది, కొన్ని యంత్రాలైతే ఎఫ్1 నొక్కమని అడిగి ఎవరో వచ్చి నొక్కే దాకా అక్కడే నిలబడతాయి. తేదీ వెనక్కి పోవడం వల్ల కలిగే నష్టం ఇంకా దూరం పాకుతుంది: భద్రతా సర్టిఫికెట్ల కాలపరిమితి ఇంకా మొదలే కాలేదని యంత్రం భావిస్తుంది కాబట్టి బయటి సర్వర్లతో సంబంధం కుదరదు. కరెంటు పోయి వచ్చిన రోజే సర్వరు ఆలస్యంగా లేస్తూ, తేదీ కూడా తప్పుగా ఉంటే ముందుగా ఆ బ్యాటరీనే అనుమానించాలి. మల్టీమీటరుతో చూస్తే కొత్తది మూడు వోల్టుల కన్నా కాస్త ఎక్కువే చూపుతుంది. బాగా దిగిపోయి ఉంటే మార్చడమే మంచిది.

లినక్స్ చెప్పే లెక్క

లాగిన్ అయ్యాక మొట్టమొదట సిస్టమ్‌డీ-ఎనలైజ్ అనే ఆదేశం ఇవ్వండి. కెర్నెల్‌కు (లినక్స్ మూలభాగానికి) ఎంత, సర్వీసులకు (వెనుక నడిచే కార్యక్రమాలకు) ఎంత పట్టిందో అది విడివిడిగా చెబుతుంది. యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో లేచే యంత్రమైతే ఫర్మ్‌వేర్‌కు (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేరుకు), లినక్స్‌ను ఎక్కించే బూట్‌లోడరుకు పట్టిన సమయాన్ని కూడా చూపుతుంది. దాని పక్కన బ్లేమ్ అనే మాట చేరిస్తే ఒక్కో సర్వీసు తీసుకున్న సమయం పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి, జాబితాలో పైనున్న సర్వీసును ఆపేస్తారు. అది సరైన పని కాదు. సర్వీసులు ఒకదాని పక్కన ఒకటి ఏకకాలంలో నడుస్తాయి కాబట్టి, ముప్పై సెకన్లు తీసుకున్న సర్వీసు వల్ల ఇంకెవరూ ఆగకపోయి ఉండవచ్చు. ఎవరి వల్ల ఎవరు ఆగారో తెలియాలంటే బ్లేమ్ బదులు క్రిటికల్-చెయిన్ అని ఇవ్వాలి. అందులో ఎట్ గుర్తు తర్వాతి అంకె ఆ సర్వీసు ఎప్పటికి సిద్ధమైందో, ప్లస్ గుర్తు తర్వాతి అంకె సిద్ధం కావడానికి ఎంత తీసుకుందో చెబుతాయి. ప్లస్ అంకె పెద్దగా ఉన్న వరుస దగ్గర మన పని మొదలవుతుంది. ఆ సర్వీసు అప్పుడు ఏమని రాసుకుందో జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి బి, యు ఆప్షన్లు చేర్చి, సర్వీసు పేరు ఇచ్చి చదవాలి.

తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ, ఒకటిన్నర నిమిషం గడువుతో "స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని కనబడటం అందరూ చూసే ఉంటారు. ఆ తొంభై సెకన్లు సిస్టమ్‌డీ, అంటే లినక్స్‌లో సర్వీసులను లేపే కార్యక్రమం, తనంతట తాను పెట్టుకున్న గడువు. చాలాసార్లు దాని వెనుక ఉండేది ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్‌స్టాబ్ ఫైలులో (లేచేటప్పుడు కలపాల్సిన డిస్కుల జాబితాలో) మిగిలిపోయిన పాత వరుసే. ఎప్పుడో బ్యాకప్ డిస్కు పెట్టినప్పుడు దాని యూయూఐడీని, అంటే ఆ డిస్కుకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యను, అందులో రాసి ఉంటారు. ఆ డిస్కును యజమాని ఇంటికి తీసుకెళ్లాడు. పెళ్లిలో రాని ఒక్క బంధువు కోసం పంక్తిలో అందరినీ విస్తళ్ల ముందు కూర్చోబెట్టినట్టు, సర్వరు ఆ డిస్కు కోసం మిగతా సర్వీసులన్నిటినీ ఆపి ఉంచుతుంది. గడువు తీరాక కూడా డిస్కు రాకపోతే ఏకంగా ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి నిలిచిపోవచ్చు.

దీన్ని సరిచేసే తీరు ఇది. బీఎల్‌కేఐడీ ఆదేశంతో ఇప్పుడు యంత్రంలో నిజంగా ఉన్న డిస్కుల యూయూఐడీలను చూసి, ఎఫ్‌స్టాబ్‌లోని వాటితో ఒక్కొక్కటిగా పోల్చండి. ఇక ఎప్పటికీ రాని డిస్కు అయితే ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. అప్పుడప్పుడు వచ్చిపోయే డిస్కు అయితే దాని ఆప్షన్లలో నోఫెయిల్ అనే మాటను, దాని పక్కన కామా పెట్టి ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమవుట్=10ఎస్ అనే మాటను చేర్చండి. సేవ్ చేశాక ఫైండ్‌ఎంఎన్‌టీ ఆదేశానికి వెరిఫై ఆప్షను ఇచ్చి ఫైలును సరిచూసుకోకుండా యంత్రాన్ని రీస్టార్ట్ చేయవద్దు, ఎందుకంటే ఈ ఫైలులో తప్పు దొర్లితే సర్వరు అసలే లేవకపోవచ్చు. స్వాప్ భాగాన్ని (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు భాగాన్ని) తీసేసిన లేదా మళ్లీ చేసిన యంత్రాల్లో ఇదే జబ్బు ఇంకా ముందే, కెర్నెల్ దశలోనే కనబడుతుంది: హైబర్నేషన్ నుంచి లేవడానికి పాత స్వాప్ కోసం వెతికి, దొరక్క వదిలేశానని సందేశం వస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (లేవడం మొదట్లో వాడే చిన్న తాత్కాలిక వ్యవస్థ) అమరికలోని రెజ్యూమ్ (RESUME) విలువను నన్ (none) అని మార్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఆదేశాన్ని యు ఆప్షన్‌తో నడిపితే అది పోతుంది.

నెట్‌వర్క్ కోసం కాపలా

రెండు నిమిషాల ఆలస్యం కనబడితే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు వైపు చూడండి. దాని సహజ గడువు నూట ఇరవై సెకన్లు. యంత్రానికి రెండు నెట్‌వర్క్ పోర్టులుండి, రెండింటికీ ఐపీ చిరునామా తెచ్చుకోమని నెట్‌ప్లాన్ ఫైలులో (ఉబుంటు నెట్‌వర్క్ అమరికల ఫైలులో) రాసి ఉండి, కేబులు ఒకదానికే గుచ్చి ఉంటే, ఖాళీ పోర్టు కోసం అది గడువంతా ఎదురుచూస్తుంది. ఆ ఖాళీ పోర్టు కింద ఆప్షనల్: ట్రూ అని ఒక్క వరుస చేరిస్తే సరిపోతుంది.

కరెంటు వచ్చిన వెంటనే లేచే సర్వర్లలో మరో చిక్కు ఉంది. సర్వరు ఒక్కటే యూపీఎస్ మీద ఉండి, స్విచ్చు, ఫైబరు పెట్టె, రూటరు మామూలు ప్లగ్గుల్లో ఉంటే, సర్వరు చిరునామా అడిగే సమయానికి ఇవ్వాల్సిన రూటరు ఇంకా లేవనే లేదు. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో డేటా గిర్రున తిరగకుండా ఆపే ఏర్పాటు) పనిచేసే స్విచ్చు అయితే, అది లేచాక కూడా పాత పద్ధతిలో ఒక్కో పోర్టును ముప్పై సెకన్ల పాటు పరిశీలించాకే డేటాను దాటనిస్తుంది. ఈ చిన్న పెట్టెలకు కరెంటు చాలా తక్కువ పడుతుంది కాబట్టి వాటిని కూడా యూపీఎస్ మీదికి మార్చి, సర్వరుకు స్థిరమైన చిరునామా ఇవ్వడం నా దృష్టిలో తప్పనిసరి.

ఐదు సెకన్లు, పది సెకన్లు చొప్పున చిన్న చిన్న ఆగుళ్లు అనేక చోట్ల కనబడితే అది పేరు వెతుకులాట, అంటే డీఎన్ఎస్ సమస్య. లినక్స్‌లో పేరు అడిగే ప్రతిసారీ ఒక్కో డీఎన్ఎస్ సర్వరు జవాబు కోసం ఐదు సెకన్లు వేచి చూడటం, రెండుసార్లు ప్రయత్నించడం సహజ అమరిక. ఇంటర్నెట్ కంపెనీని మార్చాక పాత కంపెనీ డీఎన్ఎస్ చిరునామా అలాగే మిగిలిపోవడం చాలా చోట్ల ఉంది. అంతకన్నా ఎక్కువగా కనబడేది, సర్వరు సొంత పేరు ఈటీసీ ఫోల్డరులోని హోస్ట్స్ ఫైలులో లేకపోవడం. హోస్ట్‌నేమ్ ఆదేశం చెప్పే పేరు ఆ ఫైలులో ఉందో లేదో చూసి, లేకపోతే 127.0.1.1 పక్కన రాయండి. జావా అప్లికేషన్లు లేచేటప్పుడు తాము ఉన్న యంత్రం పేరు అడుగుతాయి, అందువల్ల ఈ ఒక్క వరుస తేడా టామ్‌క్యాట్‌లో వెంటనే కనబడుతుంది.

డేటాబేసు కోలుకునే సమయం

కరెంటు పోయి యంత్రం ఒక్కసారిగా ఆగిపోతే, డిస్కు మీద సగం రాసి వదిలిన మార్పులు ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ లోని ఇన్నోడీబీ, పోస్ట్‌గ్రెస్ రెండూ ప్రతి మార్పును ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటాయి కాబట్టి, తిరిగి లేచినప్పుడు ఆ లాగ్‌ను చివరిసారి మార్పులన్నీ డిస్కుకు ఎక్కిన చోటి నుంచి నడిపి, పూర్తయిన బిల్లులను నిలబెట్టి, సగంలో ఆగినవాటిని రద్దు చేస్తాయి. లాగ్ నడపడం పూర్తయ్యే దాకా అవి కనెక్షన్లు తీసుకోవు. ఎర్రర్ లాగ్ తెరిస్తే మైఎస్‌క్యూఎల్‌లో క్రాష్ రికవరీ మొదలైందనీ, పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేసు సరిగా మూసివేయబడలేదు కనుక రికవరీ జరుగుతోందనీ స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ వరుస కనబడితే చేయవలసింది ఓపిక పట్టడమే. ఆ సమయంలో లాగ్ ఫైళ్లను చెరిపితే త్వరగా లేస్తుందనే సలహాను ఎవరిచ్చినా వినకండి. రోగుల రిపోర్టులు అందులోనే ఉండిపోయి ఉండవచ్చు.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన చక్రం ఏర్పడుతుంది. డేటాబేసు సర్వీసు ఫైలును ఎవరైనా చేత్తో రాసి, అందులో గడువు గురించి ఏమీ చెప్పకపోతే, దానికీ తొంభై సెకన్ల గడువే వర్తించవచ్చు. కోలుకోవడానికి మూడు నిమిషాలు అవసరమైతే, తొంభై సెకన్లు కాగానే సిస్టమ్‌డీ దాన్ని చంపేస్తుంది, మళ్లీ మొదలుపెట్టమని రాసి ఉంటే మొదలుపెడుతుంది, మళ్లీ చంపుతుంది. జర్నల్‌లో టైమవుట్ అనే మాట, దాని వెంటే స్టార్టింగ్ అనే మాట పదే పదే వస్తుంటే ఇదే జరుగుతోంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆదేశంతో ఆ సర్వీసును తెరిచి, సర్వీస్ విభాగంలో టైమవుట్‌స్టార్ట్‌సెక్ (TimeoutStartSec) విలువను ఇన్ఫినిటీ అని పెట్టాలి.

అయితే అసలు చికిత్స లేచే దగ్గర కాదు, ఆగే దగ్గర ఉంది. సక్రమంగా మూసిన డేటాబేసు లేచేటప్పుడు కోలుకోవలసిన పనే ఉండదు. యూపీఎస్‌కు వెనుక యూఎస్‌బీ పోర్టు ఉంటే కేబులుతో సర్వరుకు కలిపి, నట్ లేదా ఏపీసీయూపీఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టి, బ్యాటరీ సగానికి దిగగానే సర్వరు తనంతట తానే మూసుకునేలా చేయండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటే దాకా ఆగమని పెట్టకపోవడానికి మన ఎండలే కారణం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కగడతారు. దాని పైన దాదాపు ప్రతి పది డిగ్రీలకూ ఆ ఆయుష్షు సగానికి తగ్గుతుందని అంచనా. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే కర్నూలులో, గాలి ఆడని గదిలో పెట్టిన బ్యాటరీ పెట్టె మీద రాసినంత కాలం రాదు, చివరి రోజుల్లో సగం చూపిస్తూనే ఒక్కసారిగా పడిపోతుంది. యూపీఎస్‌ను గది మూల నుంచి తీసి కాస్త గాలి తగిలే చోట పెట్టడం కూడా సర్వరు త్వరగా లేవడానికి చేసే సేవే.

టామ్‌క్యాట్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

లాగిన్ వచ్చింది, డేటాబేసు లేచింది, అయినా బ్రౌజరు తిరుగుతూనే ఉందనుకుందాం. అప్లికేషను లోపల ఏం జరుగుతోందో చూడటానికి నాకు తెలిసినంతలో జేస్టాక్‌ను మించిన సాధనం లేదు; జావా ప్రోగ్రాములోని ఒక్కో థ్రెడ్ (ఏకకాలంలో నడిచే పనుల్లో ఒకటి) ఆ క్షణాన ఎక్కడుందో అది చూపుతుంది. జేపీఎస్ ఆదేశంతో జావా ప్రాసెస్ సంఖ్య తెలుసుకుని, జేస్టాక్ పక్కన ఆ సంఖ్య ఇచ్చి వచ్చినదాన్ని ఒక ఫైలులోకి తీసుకోండి. పది సెకన్లు ఆగి మళ్లీ, ఇంకో పది సెకన్లు ఆగి మళ్లీ తీయండి. మూడు ఫైళ్లలోనూ మెయిన్ అనే పేరున్న థ్రెడ్‌ను, ఒకవేళ అది వేరే థ్రెడ్ కోసం వేచి ఉంటే ఆ థ్రెడ్‌ను (పాత టామ్‌క్యాట్‌లలో దాని పేరులో స్టార్ట్‌స్టాప్ అని ఉంటుంది) వెతికి, దాని పై వరుసలను పోల్చండి. మూడు చోట్లా పై వరుస వేర్వేరుగా ఉంటే అది పని చేస్తోంది. మూడింటిలోనూ ఒకటే ఉంటే అక్కడే ఆగిపోయింది.

పై వరుసలో లుకప్ అనే మాటా, చిరునామా అనే అర్థమిచ్చే అడ్రస్ అనే మాటా ఉంటే అది ఇందాక చెప్పిన పేరు వెతుకులాటే. సాకెట్, కనెక్ట్ అనే మాటలుంటే ఎవరికో ఫోను కలపడానికి చూస్తోంది. ఇంకాస్త కిందికి చదివితే అది డేటాబేసో, ఎస్ఎంఎస్ పంపే సంస్థో, లైసెన్సు సరిచూసే బయటి సర్వరో తెలుస్తుంది. ఇంటర్నెట్ లేని ఉదయాన అప్లికేషను రెండు నిమిషాల పైచిలుకు ఆలస్యమైతే కారణం అదే: జవాబే లేని చిరునామాకు కనెక్షన్ అడిగిన లినక్స్ తన సహజ అమరికలో చాలాసార్లు మళ్లీ ప్రయత్నించి, రెండు నిమిషాలు దాటాకే విరమిస్తుంది. అప్లికేషను రాసిన వారిని అడిగి ఆ కనెక్షనుకు ఐదు సెకన్ల గడువు పెట్టించాలి, వీలైతే ఆ పనిని లేచిన తర్వాత జరిగేలా మార్పించాలి.

సెక్యూర్‌రాండమ్, సీడ్ అనే మాటలు కనబడితే, యంత్రం యాదృచ్ఛిక సంఖ్యల కోసం ఎదురుచూస్తోందని అర్థం. టామ్‌క్యాట్ కూడా తన లాగ్‌లో సెషన్ ఐడీల కోసం సెక్యూర్‌రాండమ్ తయారు చేయడానికి ఇన్ని మిల్లీసెకన్లు పట్టిందని రాస్తుంది. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి ఈ నిరీక్షణ దాదాపు పోయింది. అంతకన్నా పాత కెర్నెల్ వాడక తప్పనివారు, ముఖ్యంగా వర్చువల్ యంత్రంలో నడిపేవారు, హావెజ్‌డీ సర్వీసు పెట్టుకుంటే చాలు.

మూడు ఫైళ్లలోనూ జార్ అనే మాట వేర్వేరు ఫైళ్ల పేర్లతో కనబడితే, టామ్‌క్యాట్ అప్లికేషనులోని ప్రతి జార్ ఫైలునూ (జావా కోడ్ మూటను) విప్పి టీఎల్‌డీల (పేజీల్లో వాడే ట్యాగులను వివరించే ఫైళ్ల) కోసం వెతుకుతోంది. ఏ జార్‌లను వెతకనవసరం లేదో క్యాటలినా.ప్రాపర్టీస్ ఫైలులోని జార్స్‌టుస్కిప్ (jarsToSkip) వరుసలో చేర్చవచ్చు. పాత హార్డ్‌డిస్కు మీద నడిచే పెద్ద అప్లికేషన్లలో దీని ఫలితం బాగా తెలుస్తుంది.

అన్నీ కొద్దికొద్దిగా ఆలస్యమైతే

ఒక చోట ఆగకుండా ప్రతి సర్వీసూ నిన్నటికన్నా రెండు మూడు రెట్లు తీసుకుంటుంటే డిస్కును పరీక్షించాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్కు చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు వంద మాత్రమే చదవగలదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ వేల సంఖ్యలో చదువుతుంది. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశాన్ని "ఏ" (a) అనే ఆప్షన్‌తో ఇచ్చి, 5 అనే నంబరున్న వరుసలోని రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరే చోటికి మార్చినవి), 197 నంబరున్న వరుసలోని పెండింగ్ సెక్టార్ల (చదవలేక పెండింగులో ఉన్నవాటి) చివరి అంకెలు చూడండి. సున్నా కాకుండా, వారం వారం పెరుగుతూ ఉంటే డిస్కు కాలం దగ్గర పడింది. అప్పుడు మొదటి పని వేగం కాదు, బ్యాకప్. 199 నంబరున్న వరుస ఒక్కటే పెరుగుతుంటే డిస్కుది కాకుండా కేబులుది తప్పు కావచ్చు. కొత్త సాటా కేబులు వేసి చూడండి. సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉన్నవారు ప్రాక్ ఫోల్డరులోని ఎండీస్టాట్ ఫైలును చదివితే, రెయిడ్ తిరిగి కట్టుకుంటూ డిస్కును పూర్తిగా వాడుకుంటోందేమో తెలుస్తుంది.

ఏ మార్పు చేసినా ఒక్కొక్కటిగానే చేసి, ప్రతి మార్పు తర్వాత ఆ నాలుగు ముక్కల సమయాన్ని మళ్లీ కొలవండి. రీస్టార్ట్ చేసి కొలవడం చాలదు, ఎందుకంటే రీస్టార్ట్‌లో స్విచ్చు, రూటరు, యూపీఎస్ అన్నీ నడుస్తూనే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం ల్యాబు మూశాక, బ్యాకప్ తీసుకుని, సర్వరును సక్రమంగా షట్‌డౌన్ చేసి, మెయిన్ స్విచ్చు, యూపీఎస్ రెండూ ఆపి, కొన్ని నిమిషాల తర్వాత అన్నిటినీ ఒకేసారి వేసి చూడండి. వచ్చిన నాలుగు అంకెలను, తేదీని, చేసిన మార్పును సర్వరు పక్కన ఉంచిన నోటుపుస్తకంలో రాసి పెట్టండి. తర్వాత ఎప్పుడైనా ఆలస్యమైతే తాళం తీసిన మనిషి ఆ పేజీ చూసి, ఏ ముక్క పెరిగిందో ఫోనులోనే చెప్పగలుగుతాడు.